కుక్క పొట్ట ఉబ్బితే: గాలా, నీరా, నెత్తురా, నట్టలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. నాలుగున్నరేళ్ళ మగ లాబ్రడార్, 28 కిలోలు. మూడు వారాలుగా పొట్ట పెరుగుతోంది, వెన్నుపూసలు మాత్రం చేతికి గుచ్చుకుంటున్నాయి. తిండి సగానికి పడిపోయింది. పడుకుంటే ఆయాసం. రెండు నెలల కింద ఒంటినిండా పిడుదులు పడితే మందు పోశారు. మందుల షాపులో నట్టల మాత్ర, గ్యాస్ సిరప్, లివర్ టానిక్ ఇచ్చారు, ఏ తేడా లేదు. "నీరు తీయించేస్తే సరిపోతుందా? ఇంట్లో నాన్నగారికి వాడే లాసిక్స్ మాత్ర వెయ్యొచ్చా?"

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పొట్టలో చేరింది చాలామటుకు నీరే, అంటే జలోదరం. లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించే నీటి మాత్ర) మాత్రం ఇప్పుడే వెయ్యకండి. పొట్టలో నీరు అనేది జబ్బు పేరు కాదు, ఎక్కడో జబ్బు ఉందని చెప్పే గుర్తు. కాలేయం, గుండె, మూత్రపిండాలు, పేగులు, ప్లీహం, వీటిలో ఏది చెడినా నీరు అక్కడికే చేరుతుంది. ఒక కారణానికి మేలు చేసే మాత్ర ఇంకో కారణంలో కుక్కను ఆ పూటే పడగొడుతుంది. అందుకే ముందు ఆ నీరు ఏమిటో తేలాలి, మందు ఆ తర్వాత. వివరంగా రాస్తాను.

అయితే ఇలాంటి జవాబు కోసం వెతికేవాళ్ళలో కొందరి కుక్కలకు మూడు వారాల్లో కాదు, మూడు గంటల్లో పొట్ట ఉబ్బి ఉంటుంది. వాళ్ళు మిగతాదంతా చదువుతూ కూర్చోకూడదు. కాబట్టి ముందు వాళ్ళ సంగతి.

గంటల్లో ఉబ్బిన పొట్ట

గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి, ఉన్నచోటనే మెలిపడిపోతుంది. లాబ్రడార్లలోనూ వస్తుంది. తిన్న కొన్ని గంటలకు కుక్క కుదురుగా ఉండదు. లేస్తుంది, పడుకుంటుంది, పొట్టవైపు తిరిగి చూసుకుంటుంది, జొల్లు కారుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇది: వాంతికి పదే పదే పోతుంది, కానీ నురగ, జిగురు తప్ప ఏమీ బయటకు రాదు. పక్కటెముకలు ముగిసేచోట డొక్క మీద వేళ్ళతో తడితే డప్పులా మోగుతుంది. లోతైన ఛాతీ కుక్కల్లో ఉబ్బిన జీర్ణాశయం మొదట్లో పక్కటెముకల చాటునే ఉండిపోతుంది. పొట్ట ఉబ్బినట్టు కనిపించలేదని ఊరుకోవద్దు. ఉత్తుత్తి వాంతులు ఒక్కటి చాలు బయల్దేరడానికి.

మెలిక పడగానే పైన అన్నవాహిక, కింద పేగులోకి దారి రెండూ మూసుకుపోతాయి. గాలి ఎటూ పోలేదు. ఒంటి వెనక భాగం నుంచి గుండెకు నెత్తురు తెచ్చే పెద్ద సిరను ఉబ్బిన జీర్ణాశయం నొక్కేస్తుంది. గుండెకు తిరిగొచ్చే నెత్తురు తగ్గి కుక్క షాక్‌లోకి జారుతుంది. నాడి వడివడిగా, బలహీనంగా కొట్టుకుంటుంది, చిగుళ్ళు పాలిపోతాయి. ఇంకోపక్క జీర్ణాశయం గోడకే నెత్తురు అందక నల్లబడి చచ్చుబడుతుంది. ఇదంతా గంటల లెక్కలో జరిగిపోతుంది, తెల్లారేదాకా ఆగదు.

ఇంట్లో చేసే పనుల్లో చాలావాటి వల్ల చేటే ఎక్కువ. ఈనో లాంటి సోడా పొడులు కడుపులో యాసిడ్‌తో కలిసి ఇంకా గ్యాస్ పుట్టిస్తాయి. దారే మూసుకుపోయిన కడుపులోకి గ్యాస్ సిరప్ దిగదు, దిగినా మెలిక విప్పదు. నూనె, వాము నీళ్ళు, ఉప్పునీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పశువుల ఉబ్బరానికి చేసినట్టు డొక్కలో సూది గుచ్చబోతే జరిగిపోయి ఉన్న ప్లీహంలో దిగవచ్చు. ఆ సూది వెయ్యాల్సింది డాక్టరే, చోటు చూసుకుని. మీ పని ఫోన్ చేసి "ఎక్స్‌రే, ఆపరేషన్ రెండూ ఇప్పుడు మీ దగ్గర అవుతాయా?" అని అడగడం, అవుతాయన్నచోటికి నేరుగా వెళ్ళడం. లేనిచోటికి వెళ్ళి అక్కణ్ణుంచి ఇంకోచోటికి పంపించుకుంటే పోయే గంట మళ్ళీ రాదు.

అక్కడ జరగాల్సిన పని తెలిసి ఉంటే మీరు తడబడరు. ముందు సెలైన్. వెనక కాళ్ళ సిరల్లో ఎక్కిస్తే నొక్కుకుపోయిన పెద్ద సిర దాటి గుండెకు సరిగా చేరదు కాబట్టి ముందు కాళ్ళకో మెడకో లావుపాటి క్యాన్యులాలు వేస్తారు. కిలోకు 20 మి.లీ. చొప్పున, అంటే 30 కిలోల కుక్కకు 600 మి.లీ., పావుగంటలో ఎక్కించి నాడి, చిగుళ్ళు చూసి మళ్ళీ ఎక్కిస్తారు. దానితోపాటే నోటి గుండా ట్యూబు వేసో, సూదితోనో గాలి తీస్తారు. కుడిపక్కన పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో జీర్ణాశయం మధ్యలో గోడ కట్టినట్టు రెండు బుడగలుగా కనిపిస్తే మెలిక ఉన్నట్టే. ట్యూబు లోపలికి దిగింది కాబట్టి మెలిక లేదని కొందరు ధైర్యం చెబుతారు. అది తప్పు, మెలిక ఉన్నా ట్యూబు దిగవచ్చు. గాలి తీసేశాక కుక్క లేచి తోక ఊపినా ఆపరేషన్ వాయిదా వెయ్యకూడదు. ఆపరేషన్‌లో మెలిక విప్పడంతో పని అయిపోదు. జీర్ణాశయాన్ని కుడివైపు పొట్టగోడకు కుట్టి నిలబెట్టాలి. కుట్టకుండా వదిలేసిన కుక్కల్లో సగానికి పైగా మళ్ళీ మెలిపడతాయి, కుట్టినవాటిలో అది అరుదు. తర్వాత మూడు రోజుల దాకా గుండె లయ తప్పవచ్చు కాబట్టి ఈసీజీ మీద పెట్టి చూసుకోగల చోటు కావాలి.

ఈ ప్రమాదం తగ్గాలంటే రోజుకు ఒకేసారి పెద్ద గిన్నె పెట్టడం మాని రెండు మూడు పూటలుగా పెట్టండి. గబగబా మింగే కుక్కకు తిండి పరాతంలో పలచగా పరచండి. గిన్నెను స్టాండు మీద ఎత్తుగా పెట్టడం మంచిదని చాలామంది అమ్ముతారు. దానివల్ల మేలు రుజువు కాలేదు, ప్రమాదం పెరుగుతుందని తేల్చిన పరిశీలన ఉంది. గ్రేట్ డేన్ పెంచేవాళ్ళు పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌లోనే జీర్ణాశయం కుట్టించుకోవడం నా లెక్కలో మంచి పని.

గంటల్లోనే పొట్ట పెరిగే ఇంకో ప్రమాదం లోపల నెత్తురు కారడం. వయసు మళ్ళిన లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్‌లలో ప్లీహం మీద గడ్డ పగలడం, బండి గుద్దడం, ఎలకల మందు తినడం దీనికి కారణాలు. నిలబడ్డ కుక్క ఒక్కసారిగా కూలబడి, చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడితే ఇదే అనుకోండి. గాలి మెలికకు ఎంత తొందరో దీనికీ అంతే.

రోజులు, వారాల్లో పెరిగిన పొట్ట

ఇక తీరిగ్గా పెరిగే పొట్టలు. కుక్కను నిలబెట్టి పైనుంచి, వెనకనుంచి చూడండి. నీరైతే పొట్ట కిందికి దిగి రెండు పక్కలకూ బేరిపండులా వెడల్పవుతుంది, వెన్ను, తుంటి ఎముకలు పొడుచుకొస్తాయి. కొవ్వైతే పక్కటెముకల మీద కూడా పేరుకుని ఎముకలు చేతికి తగలవు. నీటిని పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఒకరు కుక్క పొట్ట కింద నడిమధ్య గీత మీద అరచేతి అంచును ఆనించి కొంచెం నొక్కిపట్టాలి. రెండోవారు ఒక డొక్కకు అరచెయ్యి ఆనించి, ఎదుటి డొక్క మీద వేలితో చిటిక కొట్టాలి. నీరుంటే అల వచ్చి అరచేతికి తాకుతుంది. మధ్యలో చెయ్యి పెట్టించడం ఎందుకంటే కొవ్వు కూడా అలాగే కదులుతుంది, ఆ చెయ్యి కొవ్వు కదలికను ఆపేస్తుంది. నీరు కొద్దిగా ఉన్నప్పుడు ఈ పరీక్షకు దొరకదు, స్కానింగ్‌లోనే తెలుస్తుంది.

తర్వాత పై పెదవి ఎత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. పసుపు కనిపిస్తే కామెర్లు. కుక్క నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్ఫై దాటకూడదు. జ్వరం మలద్వారంలో చూస్తే 102.5 ఫారన్‌హీట్ దాకా మామూలే. కుక్కకు 102 ఉందని పారాసెటమాల్ వేసేవాళ్ళున్నారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అంతకన్నా చేటు, కడుపులో పుండ్లు పడి చిల్లు పడేదాకా పోతుంది.

రెండు మూడు నెలల కూనకు కుండలాంటి పొట్ట, పుల్లల్లాంటి కాళ్ళు, గరుకు బొచ్చు ఉంటే ముందు నట్టలే అనుకోవాలి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే, తర్వాత పాల ద్వారా కూడా కూనకు చేరతాయి. "మా కుక్క బయట తిరగదు కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాల వయసులో, ఆపైన ఆర్నెల్లు నిండేదాకా నెలకోసారి మందు పట్టాలి. ఫెబాంటెల్, పైరాంటెల్ కలిసిన కూనల సస్పెన్షన్ సాధారణంగా కిలోకు 1 మి.లీ., ప్రాజిక్వాంటెల్ కూడా కలిసిన పెద్ద మాత్ర 10 కిలోలకు ఒకటి. లేబుల్ మీది మోతాదు ఇదేనా అని సరిచూసుకుని, కూనను కాటాలో తూచి ఇవ్వండి. చేత్తో ఎత్తి అంచనా వేస్తే మూడు కిలోల కూన ఐదు కిలోలైపోతుంది. నట్టలు మరీ ఎక్కువగా ఉన్న నీరసపు కూనకు మందు వేశాక చచ్చిన నట్టలు ఉండకట్టి పేగుకు అడ్డుపడవచ్చు. వాంతులు మొదలై, మలం ఆగిపోతే వెంటనే చూపించాలి. చిగుళ్ళు తెల్లగా, మలం నల్లగా తారులా ఉంటే నెత్తురు పీల్చే కొంకిపురుగులు కూడా ఉన్నట్టు. అలాంటి కూనకు నట్టల మందుకన్నా ముందు నెత్తురు ఎక్కించాల్సి రావచ్చు. ఏలికపాము గుడ్లు ఇంట్లోని చిన్నపిల్లలకూ అంటుకుంటాయి, కూన మలం రోజూ ఎత్తి పారేయండి.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిపోయి నెల, రెండు నెలలయ్యాక పొట్ట పెరిగితే చూలు అనుకుని సంబరపడేముందు స్కానింగ్ చేయించండి. కుక్కకు చూలు 63 రోజులు, నాలుగో వారానికే స్కానింగ్‌లో పిల్లల గుండెలు కొట్టుకోవడం కనిపిస్తుంది. గర్భసంచిలో చీము పట్టినా పొట్ట అలాగే పెరుగుతుంది. తేడా ఏమిటంటే నీళ్ళు విపరీతంగా తాగుతుంది, తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. చీము కిందనుంచి కారితే త్వరగా పట్టుబడుతుంది. గర్భద్వారం మూసుకుపోయి ఒక్క చుక్కా కారకపోతే అదే ఎక్కువ ప్రమాదం. దీనికి సరైన వైద్యం గర్భసంచి తీసేయడమే, అదీ సెలైన్, యాంటీబయాటిక్‌లతో నిలబెట్టాక వీలైనంత తొందరగా.

ఆకలి బాగా ఉండి, నీళ్ళు ఎక్కువ తాగుతూ, ఎప్పుడూ రొప్పుతూ, చర్మం పలచబడి, రెండు పక్కలా సమానంగా బొచ్చు రాలి, పొట్ట జారితే అడ్రినల్ గ్రంథుల జబ్బు, అంటే కుషింగ్స్, అనుమానించాలి. నీళ్ళ గిన్నె కొలిచి పెట్టండి: రోజుకు కిలోకు 100 మి.లీ. దాటితే ఎక్కువే. మన దగ్గర దురదకు నెలనెలా వేయించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల కూడా ఇదే రూపం వస్తుంది. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపేసినా కుక్క కుప్పకూలుతుంది, మెల్లగా తగ్గించాలి. మగకుక్క కాలెత్తి నిలబడి మూత్రం చుక్క చుక్కగా పోస్తూ, పొట్ట కింద గట్టిగా బంతిలా తగిలితే మూత్రం బిగిసిపోయింది. దానికి ఆ రోజే గొట్టం వెయ్యాలి.

మీ లాబ్రడార్ సంగతి

పొట్ట పెరుగుతూ కండ కరగడం, ఆయాసం, వెనకటి పిడుదులు, ఈ మూడూ కలిపి చూస్తే నాకు ముందు తట్టేది పిడుదుల జ్వరం. మన ఊళ్ళలో గోధుమరంగు పిడుదు మోసుకొచ్చే ఎర్లీకియా, బబీసియా అనే క్రిములు చాలా మామూలు. పిడుదులు రాలిపోయినా లోపలి జబ్బు నెలల తరబడి నడుస్తుంది. ప్లీహం, కాలేయం పెరుగుతాయి. మూత్రపిండాల జల్లెడ చెడి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో పోతుంది. నెత్తుటి నీటిని నాళాల్లోనే పట్టి ఉంచేది ఆ ఆల్బుమిన్. అది డెసిలీటరుకు 1.5 గ్రాముల దిగువకు పడిపోతే నీరు నాళాల్లోంచి ఊరి పొట్టలో చేరుతుంది. అయితే ఇది అనుమానమే. ఎలుక జ్వరం, బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ ద్వారా చేరే అఫ్లాటాక్సిన్ అనే విషం, దీర్ఘకాలపు కాలేయ వాపు, గుండె జబ్బు, పేగుల్లోంచి ప్రొటీన్ పోవడం కూడా ఇదే పొట్టను తెచ్చిపెడతాయి. రవ్వ, నూక, బయట కొన్న చౌక మేత ఏదైనా పెడుతుంటే దాని బస్తా వాసన చూడండి, డాక్టరుకు చెప్పండి.

ఒకే రోజు చేయించాల్సిన పరీక్షలు ఇవి: ప్లేట్‌లెట్లతో సహా పూర్తి రక్తపరీక్ష, నెత్తుటి స్మియర్ (నెత్తుటి చుక్కను గాజు పలక మీద పరిచి చూడటం), ఆల్బుమిన్, గ్లోబ్యులిన్, కాలేయ ఎంజైములు, బిలిరుబిన్, క్రియాటినిన్, గ్లూకోజు. మూత్రంలో ప్రొటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి. పొట్ట స్కానింగ్. పొట్టలోంచి తీసిన నీటి పరీక్ష. డబ్బు ఇబ్బందై వీటిలో కొన్నే చేయించగలిగితే ఆల్బుమిన్, మూత్రం, పొట్ట నీరు, ఈ మూడూ వదలొద్దు. చవకగా ఎక్కువ చెప్పేవి ఇవే. స్కానింగ్ ఒక్కటే చేయించి "పొట్టలో నీరు ఉంది" అన్న కాగితంతో వెనక్కి రావడం వల్ల ఉపయోగం లేదు, అది మీకు ముందే తెలుసు. దగ్గర్లో సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి.

పరీక్షకు నీరు తియ్యడం చిన్న పని. మూత్రం పోయించి, బొడ్డుకు ఒకటి రెండు సెంటీమీటర్లు వెనగ్గా, మధ్యగీతకు కాస్త కుడిగా బొచ్చు గీసి, శుభ్రం చేసి, 22 గేజి సూదితో 5 నుంచి 10 మి.లీ. తీస్తారు. కుడివైపు ఎందుకంటే ప్లీహం ఎడమన ఉంటుంది. కణాల లెక్కకు ఊదా మూత ట్యూబు, రసాయన పరీక్షకు ఎర్ర మూత ట్యూబు, కల్చర్‌కు స్టెరైల్ సీసా, ఇలా మూడింట్లో పంపాలి. ఒకే సిరంజిలో వదిలేస్తే సగం సమాచారం పోతుంది.

ఆ నీరే చాలా చెబుతుంది. మంచినీళ్ళలా తేటగా, ప్రొటీన్ డెసిలీటరుకు 2.5 గ్రాముల లోపు ఉంటే ఆల్బుమిన్ తక్కువైనట్టు, లేదా కాలేయం గట్టిపడినట్టు. గడ్డిరంగులోనో లేత గులాబీగానో, ప్రొటీన్ అంతకన్నా ఎక్కువ ఉంటే గుండె వైపు చూడాలి. చిక్కగా మసకగా ఉండి, తెల్లకణాల్లో బాక్టీరియా కనిపిస్తే, లేదా నీటిలోని గ్లూకోజు నెత్తుటిలోకన్నా డెసిలీటరుకు 20 మి.గ్రా.కు మించి తక్కువుంటే లోపల చీము పట్టింది, పేగు చిల్లు పడి ఉండవచ్చు, ఆపరేషన్ కావాలి. నీటిలో క్రియాటినిన్ నెత్తుటికి రెండింతలుంటే మూత్రాశయం పగిలింది. నెత్తురే వస్తే కాసేపు గాజు గొట్టంలో ఉంచాలి: గడ్డకడితే సూది ఏ నాళంలోనో దిగినట్టు, గడ్డకట్టకపోతే అది నిజంగా పొట్టలో నిలిచిన నెత్తురు.

ఇప్పుడు లాసిక్స్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు నిండి గుండెను నొక్కుతున్నప్పుడు కూడా పొట్టలో ఇలాగే నీరు చేరుతుంది. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కల్లో ఇది తెలిసిన సంగతే. అప్పుడు గుండె చప్పుడు దూరంగా, మెత్తగా వినిపిస్తుంది, మెడలో సిరలు ఉబ్బి ఉంటాయి. ఆ కుక్కకు నీటి మాత్ర వేస్తే గుండెకు చేరే కొద్దిపాటి నెత్తురూ తగ్గి పడిపోతుంది. దానికి వైద్యం ఆ సంచిలోంచి నీరు తీయడం. కాలేయ జబ్బులో ఫ్యూరోసెమైడ్ (లాసిక్స్‌లో ఉండే మందు ఇదే) ఒక్కటే వేస్తే పొటాషియం పడిపోతుంది, నెత్తుటిలో అమ్మోనియా మెదడుకు ఎక్కడం తేలికవుతుంది. కుక్క గోడకు తల ఆనించి నిలబడటం, దారి తప్పినట్టు తిరగడం, జొల్లు, మూర్ఛ దాని గుర్తులు. నెత్తుటి పీడనం ముందే తక్కువున్న కుక్కకు మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కాలేయం వల్ల చేరిన నీరని తేలితే మొదటి మాత్ర స్పైరనోలాక్టోన్, కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. మోతాదు కట్టేటప్పుడు నీటి బరువు తీసేయాలి. మీ కుక్క కాటాలో 28 ఉన్నా అందులో మూడు నాలుగు కిలోలు నీరే ఉండవచ్చు. 24 కిలోలకు లెక్కేస్తే 25 మి.గ్రా. మాత్రతో మొదలుపెట్టడం సబబు. ఇది మెల్లగా పనిచేస్తుంది, రెండు మూడు రోజుల్లో ఏమీ కనిపించలేదని మానొద్దు. చాలకపోతే ఫ్యూరోసెమైడ్ కిలోకు 1 మి.గ్రా. చొప్పున జతచేస్తారు. రెండూ కలిసిన మనుషుల మాత్రలు షాపులో దొరుకుతాయి. వాటిలో పాళ్ళు వేరువేరుగా ఉంటాయి కాబట్టి డాక్టరు రాసిందే తీసుకోండి. రోజుకు ఒక శాతానికి, అంటే పావు కిలోకు, మించి బరువు తగ్గకూడదు. మతి మందగించే గుర్తులుంటే లాక్టులోజ్ సిరప్ కిలోకు అర మి.లీ. చొప్పున రోజుకు రెండు మూడుసార్లు, మలం మెత్తగా వచ్చేలా సరిచేసుకుంటూ ఇస్తారు.

గుండె నీరసించిందని ఎకోలో (గుండె స్కానింగ్‌లో) తేలితే మందు వేరే: పిమోబెండాన్ కిలోకు 0.25 మి.గ్రా. పూటకు ఒకసారి చొప్పున రెండు పూటలా, తిండికి గంట ముందు. అక్కడ ఫ్యూరోసెమైడ్ ముఖ్యమైన మందే.

ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ కిలోకు 10 మి.గ్రా. రోజుకు, 28 రోజులు. వారంలో కుక్క హుషారై తిండి తినగానే చాలామంది ఆపేస్తారు. జబ్బు తిరగబెట్టేది అలాంటి ఇళ్ళలోనే. ఈ మాత్ర పొడిగా మింగిస్తే అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. తిండితో ఇచ్చి, వెంటనే సిరంజితో 10 మి.లీ. నీళ్ళు పట్టండి. పాలు, పెరుగుతో కలిపితే మందు సరిగా ఒంటపట్టదు. బబీసియా అయితే ఏ రకమో తేలాలి. పెద్ద రకానికి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ కిలోకు 6.6 మి.గ్రా. రెండు వారాల తేడాతో రెండుసార్లు. చిన్న రకమైన గిబ్సోనీకి అది సరిపోదు. దానికి అటొవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు వాడాలి, ఖర్చు ఎక్కువ. అన్ని పిడుదుల జ్వరాలకూ ఒకే ఇంజెక్షన్ వేసి పంపిస్తే నయంకాని కుక్కలు మిగిలేది ఇందుకే. ఏ క్రిమో తేల్చే పీసీఆర్ పరీక్ష ఖర్చు అక్కడ దండగ కాదు.

ఇక నీరు తీయించడం. ఊపిరి ఆడకుండా అవస్థపడుతుంటే తీయాలి, ఆయాసం తీరేంత మేరకే, మెల్లగా. పొట్ట పూర్తిగా చదునయ్యేదాకా తీయమని డాక్టరును బలవంతపెట్టొద్దు. లెక్క చూడండి: ఆ నీటిలో డెసిలీటరుకు 2 గ్రాముల ప్రొటీన్ ఉంటే మూడు లీటర్లలో 60 గ్రాములు పోతుంది, దాదాపు పది కోడిగుడ్లలో ఉండే ప్రొటీన్. అది పోతే ఆల్బుమిన్ ఇంకా పడుతుంది, నీరు ఇంకా వేగంగా చేరుతుంది. వారం వారం తీయించుకుంటూ పోయే కుక్కలు ఎముకలగూడై పోయేది ఇలాగే.

తిండిలో ఉప్పు మానేయాలి. బిస్కెట్లు, బ్రెడ్డు, అప్పడం, మన పళ్ళెంలోని పప్పు, పులుసు అన్నీ ఉప్పే. కాలేయం జబ్బు అనగానే ప్రొటీన్ మాన్పించి గంజి, మజ్జిగన్నంతో పెట్టడం మన దగ్గర పెద్ద పొరపాటు. మతి తప్పే గుర్తులు లేనంతవరకు ప్రొటీన్ కావాలి, గుడ్డు, ఉప్పులేని పనీరు, ఉడికించిన కోడిమాంసం మంచివి. మూత్రంలో ప్రొటీన్ పోతున్న కుక్కకు మాంసం మరీ పెంచకూడదు, పేగు జబ్బు కుక్కకు కొవ్వు తగ్గించాలి. కాబట్టి పరీక్ష ఫలితం వచ్చేదాకా రెండు మూడు రోజులు ఉప్పులేని అన్నం, ఉడికించిన గుడ్డు, చర్మం తీసిన కోడిమాంసం, రోజుకు నాలుగు చిన్న పూటలుగా పెట్టండి. నీళ్ళు మాత్రం తగ్గించొద్దు. పొట్టలో నీరుందని తాగే నీళ్ళు ఆపితే నెత్తురు చిక్కబడి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

రేపటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టండి. పొద్దున్నే మూత్రం పోసొచ్చాక, తిండికి ముందు, బరువు తూచి, ఆఖరి పక్కటెముక వెనక టేపుతో చుట్టుకొలత తీసి రాయండి. టేపు పెట్టే చోట బొచ్చు మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకోకపోతే రోజుకో కొలత వస్తుంది. బరువు మారకుండా చుట్టుకొలత పెరిగితే కండ కరిగి నీరు చేరుతున్నట్టు. నిద్రలో ఊపిరి లెక్క కూడా పక్కనే రాయండి. నీటి మాత్రలు మొదలుపెట్టిన వారం, పది రోజులకు పొటాషియం, క్రియాటినిన్ చూడాలి, ఆల్బుమిన్ రెండు వారాలకు. పడుకోలేక మెడ చాచి కూర్చుని రొప్పడం, చిగుళ్ళు తెల్లబడటం, నాలుక నీలిరంగుకు తిరగడం, వాంతిలో నెత్తురు, ఇరవై నాలుగు గంటలు మూత్రం పోకపోవడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ పూటే తీసుకెళ్ళండి. బండిలో బోర్లా పడుకోనివ్వండి, పక్కకు తిప్పి పడుకోబెడితే నీరు ఊపిరితిత్తుల మీదికి నెట్టుతుంది.

మందుల షాపు లివర్ టానిక్ ఆపాల్సిన పనిలేదు, కానీ దాన్ని వైద్యంగా లెక్కపెట్టొద్దు. నట్టల మాత్ర ఒకసారి పడింది కాబట్టి ఇప్పుడు మళ్ళీ వద్దు. పిడుదుల మందు మాత్రం నెలనెలా ఆపకుండా వాడండి, కుక్క పడుకునేచోట గోడ పగుళ్ళు, గచ్చు సందులు కూడా చూడండి. పిడుదు గుడ్లు పెట్టేది అక్కడే, ఒక్కో ఆడ పిడుదు వేలల్లో పెడుతుంది. ఆల్బుమిన్, మూత్రం, పొట్ట నీటి పరీక్ష ఫలితాలు అంకెలతో సహా పెడితే, పై కారణాల్లో ఏది కొట్టేయవచ్చో, తర్వాత ఏ పరీక్ష అడగాలో చెబుతాను.